వెయ్యికి రెండు యూరోలు

వాల్డ్‌బ్రుక్,
14 జూన్ 2023

ఇందుమూలముగా సమస్త జనులకూ, మరీ ముఖ్యంగా పద్దెనిమిది వందల మీటర్ల ఎత్తున మేఘాల్లో కూర్చుని కిందివాళ్ళను మరిచిపోయిన నోట్‌బుర్గా అక్కగారికీ తెలియజేయునదేమనగా: వాల్డ్‌బ్రుక్ పట్టణ పొగగొట్టాలకు ఏకైక అధిపతి, మసి సామ్రాజ్య చక్రవర్తి శ్రీశ్రీశ్రీ ఆంబ్రోస్ కీన్‌రైఖ్ వారు, తమరు ఈస్టర్‌కు పంపిన అడవిపండ్ల జామ్ సీసా మూతను నిన్న సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు జయప్రదంగా ఊడదీశారు. ముట్టడి తొమ్మిది వారాలు సాగింది. మా పక్షాన నష్టం ఒక పటకారు, ఒక గోరు. విజయానికి గుర్తుగా ఊరంతటికీ సెలవు ఇవ్వాలని మేయరుగారికి విన్నవించగా ఆయన తలుపేసుకున్నారు.

అక్కా, ఇక అసలు సంగతి.

పోయిన ఉత్తరంలో జలుబు గురించి ఒక పేజీ, కొత్త పొయ్యి గురించి రెండు పేజీలు రాసి, చివర్న ఈగను తోలినట్టు ఒక్క ముక్క రాశావు. అక్టోబరు ముప్ఫై ఒకటిన, పొదుపు దినం నాడు, బ్యాంకుకెళ్ళి నీ నలభై ఒక్క వేల యూరోలూ అక్కడి ఆఫీసరు ఓబర్లైట్నర్ గారు అమ్మే ‘ఆల్పైన్ కిరీటం’ ఫండులో పెట్టేస్తానని. నా కాఫీ ఒలికింది. ఫోన్ చేద్దామంటే నువ్వు ఎత్తవు. నాలుగేళ్ళ కిందట రేడియోవాడిలా మాట్లాడి ‘మీరు ఒక ఆవును గెలుచుకున్నారు’ అన్నందుకు ఇంత పగా? నువ్వు కొట్టం కడిగించావని నాకేం తెలుసు? సరే, నాకు కాగితమే గతి.

ఆ కిరీటం కాగితం బ్యాంకు గుమ్మంలో దొంతరగా ఉంటుంది. మంచుకొండ, దాని మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ముసలి జంట. ఒకటి తీసుకెళ్ళి త్సైలింగర్ టీచరమ్మకు చూపించాను. స్కూల్లో నాకు లెక్కల్లో వరసగా మూడుసార్లు సున్నా వేసినావిడ. ఇప్పుడు రిటైరైంది. ఆవిడ పొగగొట్టం నేనే తుడుస్తాను. తుడిచాక ఆప్రికాట్ ఉండలు పెడుతుంది.

ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని, మెరిసే పేజీలన్నీ వదిలేసి, చివర్న చీమల్లాంటి అక్షరాల దగ్గరికి తిన్నగా వెళ్ళింది. ‘ఇదిగో, ఇక్కడ దాక్కున్నారు’ అంది. తర్వాత నా పళ్ళెం తన వైపు లాక్కుంది.

‘ఒరేయ్ మసీ, ఇవి ఇరవై ఉండలు. మీ అక్క డబ్బనుకో. గుమ్మంలో అడుగు పెట్టగానే ఒకటి తీసేస్తారు, లోపలికి రానిచ్చినందుకు.’ ఒకటి నోట్లో వేసుకుంది. ‘ఆ తర్వాత ఏటా వందకు దాదాపు రెండు. ఫండు పెరిగినా తీస్తారు, తరిగినా తీస్తారు.’

‘పని చేస్తారు కదండీ మరి?’

‘చేస్తారు. ఏ కంపెనీ పైకెళ్తుందో ఊహిస్తారు. నువ్వు పరీక్ష రాసినట్టే.’

ఇంకో రకం ఉందిట అక్కా. ఇండెక్స్ ఫండు. అందులో ఊహించేవాడు లేడు. లోకంలో ఉన్న పెద్ద కంపెనీల జాబితా ఒకటి ఉంటుంది, అందులో ఉన్నవన్నీ వాటి వాటి బరువును బట్టి కొని పడేస్తారు. ఊహించేవాడు లేడు గనక వాడికి జీతమూ లేదు, భోజనాలూ లేవు. వెయ్యి యూరోలకు ఏడాదికి రెండు యూరోలు ఖర్చు. నీ కిరీటానికి పంతొమ్మిది. 

సంతకం చెయ్యకు. నాలుగు నెలలు టైముంది. ఆలోచించు.

నీ నల్ల తమ్ముడు
ఆంబ్రోస్

తా.క. అంత కష్టపడి మూత తీస్తే జామ్‌లో చక్కెర తక్కువ.


గెమ్సెన్‌బ్లిక్ కొండ బస,
29 జూన్

ఆంబ్రోస్,

జామ్‌లో చక్కెర సరిగ్గానే ఉంది. మసి ఉన్నది నీ నాలిక మీద.

నీ ఉత్తరం సామాన్ల రోప్‌వేలో, క్యాబేజీల బుట్టలో పైకొచ్చింది. సగం తడిసింది. తడవని సగమే నా ఒళ్ళు మండించడానికి సరిపోయింది.

జాబితా కొనడమేమిట్రా? ఆకలేసినవాడు మెనూ కార్డు తింటాడా? పైగా చౌకట! పోయినేడు చౌకగా వచ్చాయని బూట్లు కొన్నాను. మొదటి వానకే అడుగు ఊడి బురదలో ఉండిపోయింది, నేను మేజోడుతో పైకొచ్చాను. డబ్బు తీసుకునేవాడికి దాని మీద ఒక కన్నుంటుంది. ఏమీ తీసుకోనివాడు ఎందుకు చూస్తాడు?

ఓబర్లైట్నర్ గారి గురించి ఇంకోసారి వెటకారంగా రాశావంటే ఆ ఉత్తరంతోనే పొయ్యి వెలిగిస్తాను. కింద హోటలు మూతపడి నాకు నాలుగు నెలలు జీతం లేనప్పుడు నువ్వేం చేశావు? ఆవు జోకు చేశావు. ఆయన నా ఇంటి అప్పు వాయిదా మూడుసార్లు వెనక్కి జరిపి, ఫారాలు తన చేత్తో నింపి, కాఫీ తెప్పించి, ‘కంగారు పడకండి, బుర్గా గారూ’ అన్నారు. ఆ మాట నేను మరిచిపోను.

నాకు యాభై ఏడు. రోజుకు ఎనభై మందికి తీపి అట్లు పోసి, ముక్కలుగా చింపి వడ్డిస్తాను. పొద్దున్నే కుడి మణికట్టు తలుపు గడియ కూడా తియ్యలేదు. పింఛను అరవై మూడుకు గానీ రాదు. నేను అరవైకే గరిటె కింద పెట్టాలనుకుంటున్నాను. ఆ మూడేళ్ళూ ఈ డబ్బే నన్ను మొయ్యాలి, ఆ తర్వాత నా బోడి పింఛనుకు తోడుండాలి. నాకున్నది ఇదొక్కటే. దీంతో నీ ఆటలు వద్దు.

ఇంకో మాట. ఒక్క ఉత్తరంలో టీచరమ్మ ఉండల గురించి అంత రాశావు. వెన్నలో వేయించిన రొట్టెపొడి అద్దుతుందా, గసగసాలా? మనసులో ఏదైనా ఉంటే అక్కతో చెప్పు. నేను కాదనను.

అక్క
బుర్గి


వాల్డ్‌బ్రుక్,
17 జూలై

మహారాజశ్రీ మేఘాల మీది అక్కకు,

టీచరమ్మకు డెబ్బై నాలుగేళ్ళు! నన్ను ఇప్పటికీ ‘ఒరేయ్ మసీ’ అంటుంది. నా మనసులో ఉన్నది ఉండలే. రొట్టెపొడి అద్దుతుంది.

నీ మెనూ కార్డు మాట ఆవిడకు చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ కుర్చీలో వెనక్కి వాలింది. ‘మీ అక్కకు నీకన్నా బుర్ర ఉంది. ఇలా చెప్పు’ అంది. చెప్తున్నాను, విను. కార్డు తినక్కర్లేదు. కార్డులో ఉన్నవన్నీ తలో చెంచా వడ్డిస్తారు. అందులో ఒక వంటకం చెడిపోయినా నీ కడుపు చెడదు. కిరీటంవాడు మాత్రం కార్డు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ‘ఇవాళ చేప బాగుంటుంది’ అని నీ చేత చేప తినిపిస్తాడు. బాగుంటే తన గొప్ప. బాగోకపోతే సముద్రం తప్పు.

నీ లెక్క కూడా ఆవిడ వేసిచ్చింది. మొత్తం ఒక చోట పెట్టొద్దంది. గరిటె కింద పెట్టిన మూడేళ్ళకూ పద్దెనిమిది వేలు మామూలు పొదుపు ఖాతాలోనే ఉండాలిట. అది తిండి డబ్బు, దానితో చెలగాటం వద్దు. మిగిలిన ఇరవై మూడు వేలు నీ ముసలితనానిది, దానికి తీరిక ఉంది, అది ఇండెక్స్ ఫండులోకి. అది ఒక్కో ఏడు దభీమని పడుతుందిట. మూడో వంతు కూడా పోవచ్చుట. ‘అప్పుడు మీ అక్క చేతులు కట్టుకుని కూర్చోగలదా?’ అని అడిగింది. నేను ‘మా అక్క నలభై ఏళ్ళుగా నా మీద కోపం పట్టుకుని కూర్చుంది, ఫండు ఎంతమ్మా’ అన్నాను.

లాభాన్ని ఏటా చేతిలో పెట్టే రకం ఒకటి, లోపలే కలిపేసుకునే రకం ఒకటి ఉంటాయి. ఏది కావాలో నువ్వే తేల్చుకో. ఒక్క షరతు మాత్రం మరిచిపోకు. మన పన్ను ఆఫీసుకు తన లెక్క తానే పంపుకునే ఫండు అయ్యుండాలి. కాకపోతే మనవాళ్ళు రాని లాభానికి కూడా పన్ను వేస్తారు. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా.

ఇంకో సంగతి ముందే చెప్తున్నాను, గుండె పట్టుకోకు. ఫండు చిరునామా ఐర్లండు అని ఉంటుంది.

ఆంబ్రోస్


గెమ్సెన్‌బ్లిక్,
9 ఆగస్టు

ఆంబ్రోస్,

ఐర్లండా!!

నా మణికట్టు అరగదీసుకుని సంపాదించిన డబ్బు ఐర్లండెందుకు పోవాలి? అక్కడ నాకెవరున్నారు? రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు దేవుడు పంపినట్టు ఒక ఐర్లండాయన కొండెక్కి వచ్చాడు. ఎర్రగడ్డం, ఇంత సంచీ. పులుసు వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగేశాను.

‘అయ్యా, మా డబ్బు మీ దేశానికొస్తుందిట. మీరెప్పుడైనా చూశారా?’

ఆయన చెంచా కింద పెట్టి గడ్డం గోక్కున్నాడు. ‘లేదమ్మా. మా డబ్బే నేనెప్పుడూ చూడలేదు’ అన్నాడు.

బస అంతా నవ్వింది. నేను లోపలికొచ్చి గిన్నెలు దబదబా పెట్టాను. మళ్ళీ ఆయనే వంటింటి గుమ్మంలోకి వచ్చి, డబ్బు రాదమ్మా, అక్కడ నమోదు చేసిన కాగితం మాత్రమే ఉంటుంది, యూరప్‌లో చాలా ఫండ్లు అలాగే చేస్తాయి, అమెరికా కంపెనీలు పంచే లాభం మీద పన్ను కోత మా దగ్గరైతే తక్కువ అని చెప్పాడు. ఆయన డబ్లిన్‌లో గుమాస్తాట. ఇదంతా నువ్వు ముందే రాసి ఉంటే ఆయన ముందు నా పరువు పోయేది కాదు. మంచి మనిషి. అట్టు రెండోసారి వడ్డించాను, డబ్బు తీసుకోలేదు.

నిజం చెప్పాలంటే నీ మాట నాకు అర్థమైంది. గుడ్డుసొన నురగ ఓవెన్‌లో పెట్టాక మధ్యలో తలుపు తెరిచి చూసేవాడే వంట పాడు చేస్తాడు. చూడకుండా ఉండడం నాకు చాతనవును. లాభం లోపలే కలుపుకునే రకం కావాలి. చేతికొస్తే నేను కొత్త బూట్లు కొనేస్తాను.

నా బాధ అది కాదురా. ఓబర్లైట్నర్ గారి ముఖంలోకి చూసి ‘మీ కిరీటం నాకొద్దు’ అని ఎలా అనేది? మొన్న రోప్‌వేలో ఆయన కార్డు కూడా వచ్చింది. ‘పొదుపు దినం నాడు మీ కోసం కుర్చీ సిద్ధంగా ఉంటుంది’ అని రాశారు. ఆయన చదువుకున్న మనిషి. నువ్వు ఇళ్ళెక్కే మనిషివి. ఆయన తన సొంత డబ్బు ఎక్కడ పెట్టుకున్నారో నాకు తెలిస్తే నాదీ కళ్ళు మూసుకుని అక్కడే పెడతాను. అది కిరీటమైతే కిరీటమే. అది తేలేదాకా నాకు ఉత్తరాలు రాయకు.

టీచరమ్మగారికి ఊదారంగు ఉన్ని మేజోళ్ళు అల్లి వేరే పంపాను. కాబోయే మరదలికి మొదటి కానుక. సిగ్గుపడకు.

బుర్గి


వాల్డ్‌బ్రుక్,
3 సెప్టెంబరు

అక్కా,

మేజోళ్ళు అందాయి. టీచరమ్మ వాటిని వేసుకుని, నీ చీటీ చదివి, నా చెవి పట్టుకుని మెలితిప్పింది. యాభై నాలుగేళ్ళవాణ్ణి. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. మేజోళ్ళు మాత్రం సరిగ్గా సరిపోయాయట, థాంక్స్ చెప్పమంది.

ఇప్పుడు కూర్చుని చదువు. నిలబడి ఉంటే గరిటె పక్కన పెట్టు.

మొన్న బుధవారం ఓబర్లైట్నర్ గారింటికి పనికెళ్ళాను. పొగగొట్టం తుడిచి, పొయ్యి దగ్గర మసి ఎత్తి, చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. బల్ల మీద ఒక కాగితం విప్పి ఉంది. దాని మూల మీద కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మరక. బల్ల కింద వాళ్ళ పొట్టి కాళ్ళ కుక్క నిద్రపోతోంది. నేను చదవాలని చదవలేదక్కా. కళ్ళున్నాయి, అవి చదివాయి. పైన ఆయన పేరు. కింద ఫండు పేరు. మొత్తం ప్రపంచపు జాబితా. ఏడాదికి వెయ్యికి రెండు యూరోలు. చిరునామా ఐర్లండు!

కిరీటం అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మా వృత్తిలో ఇంట్లో చూసింది బయట చెప్పకూడదు. ముప్ఫై ఏళ్ళలో ఎవరి ఇంటి మాటా ఎత్తలేదు. నీ మూడేళ్ళ కోసం ఎత్తాను. ఇక నీ ఇష్టం.

నేను అక్టోబరు ఇరవై నుంచి మూడు వారాలు మోకాళ్ళ కోసం వేడినీళ్ళ ఊరికి పోతున్నాను. ఆరోగ్య బీమావాళ్ళే పంపుతున్నారు. నువ్వు కొండ దిగేసరికి నేనుండను. బ్యాంకుకు ఒక్కదానివే వెళ్ళాలి. గట్టిగా ఉండు.

ఆంబ్రోస్


గెమ్సెన్‌బ్లిక్,
18 అక్టోబరు

ఆంబ్రోస్,

ఛీ! పరాయివాళ్ళ ఇంట్లో పరాయివాళ్ళ కాగితం చదువుతావా? అమ్మ బతికుంటే నీ బ్రష్షుతోనే నీ వీపు తుడిచేది.

మూడు రోజులు నీ మీద కోపం. నాలుగో రోజు నుంచి ఆయన మీద కోపం. తనకు ఒకటి, నాకొకటా? నేనేమైనా పరాయిదాన్నా? ఆ రోజు కాఫీ తెప్పించింది ఇందుకా? అట్ల పిండి కలుపుతూ ఏడ్చాను. ఉప్పెక్కువైందని ఎవరూ అనలేదు, అదొక్కటే నయం.

తర్వాత తేల్చుకున్నాను. వెనకాల అనుకోవడం నాకు చాతకాదు. పొదుపు దినం నాడు వెళ్ళి ఆయన ముఖం మీదే అడుగుతాను. ఇలా మా తమ్ముడు మీ బల్ల మీద చూశాడు, నిజమా కాదా అని. నిజమైతే నా సంతకం నువ్వు చెప్పిన చోట. కాదంటే నా సంతకం కిరీటం మీద. ఇక నీతో మాటలుండవు, పండక్కి కూడా రాను.

నిన్న మొదటి మంచు పడింది. పై వారం బస మూస్తున్నాం.

బుర్గి


వేడినీళ్ళ ఊరు, మట్టిపట్టీల గది,
27 అక్టోబరు

అక్కా! నీ ఉత్తరం తపాలావాడు ఊరంతా తిప్పి ఇవాళ ఇక్కడ నా చేతికిచ్చాడు. మెడ దాకా వేడి మట్టిలో ఉన్నాను, ఒక్క కుడిచెయ్యే బయట ఉంది, అందుకే ఇలా గిలికినట్టుంది. ఆయన్ని ఏమీ అడగొద్దు! బల్ల మాట అస్సలు ఎత్తొద్దు! మర్యాదగా ‘ఆలోచించుకున్నాను, ఇది వద్దు, అది కావాలి’ అను చాలు. పెద్దమనిషి, బాధపడతాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను, మోకాళ్ళు వంగాక. ఈ ఉత్తరం నీకు ముప్ఫై ఒకటి లోపల చేరాలని మొక్కుకుంటున్నాను. ఇక్కడ కాఫీలో కాఫీ ఉండదు. నర్సు అరుస్తోంది, చెయ్యి కూడా లోపల పెట్టాలిట.

ఆం.


వాల్డ్‌బ్రుక్,
2 నవంబరు

తమ్ముడూ,

నీ మట్టి ఉత్తరం ఇవాళే వచ్చింది. మధ్యలో పండగ సెలవు కదా. రెండు రోజులు ఆలస్యం. మొక్కు తీర్చనక్కర్లేదు.

పొదుపు దినం నాడు నల్ల గౌను వేసుకుని వెళ్ళాను. బ్యాంకు నిండా పిల్లలు, పింగాణీ పంది హుండీలు, చిల్లర గలగల. నాకు కానుకగా బంగాళాదుంప తొక్కతీసే చాకు ఇచ్చారు. నలభై ఏళ్ళ నుంచి అదే పని చేస్తున్నదానికి!

ఓబర్లైట్నర్ గారు లేచి నిలబడి కుర్చీ జరిపారు. కిరీటం కాగితాలు ముందే సర్ది పెట్టి ఉన్నాయి, సంతకం చెయ్యాల్సిన చోట పసుపు గుర్తు. కలం నా చేతికి ఇచ్చారు. నేను కలం బల్ల మీద పెట్టాను.

‘అయ్యా, మీ సొంత డబ్బు కిరీటంలో ఉందా?’

‘అదేం ప్రశ్న, బుర్గా గారూ?’

‘లేదటగా. ఐర్లండు చిరునామా ఉన్న చౌక ఫండులో ఉందిట. మా తమ్ముడు మీ వంటింటి బల్ల మీద కాగితం చూశాడు.’

ఆయన లేచి గది తలుపు మూశారు. పిల్లల గోల ఆగిపోయింది.

‘మీ తమ్ముడు... అంటే ఆంబ్రోస్. పొగగొట్టాల ఆంబ్రోస్.’

‘అవును.’

‘మా ఇంటికి వచ్చి. పొగగొట్టం తుడిచి.’

‘తుడిచాకే చూశాడు. కుక్క కూడా ఉందిట.’

పాపం, ఆయన ముఖం కందగడ్డలా అయింది. పెదాలు బిగబట్టి పైకప్పు కేసి చాలాసేపు చూశారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని నేను సంచీలోంచి రుమాలు తీశాను. ఆయన రుమాలు తీసుకుని కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

‘ఉంది, బుర్గా గారూ’ అన్నారు. ‘ఆరేళ్ళ నుంచీ ఉంది. నాదీ, మా ఆవిడదీ. వెయ్యికి రెండు యూరోలదే.’

‘మరి నాకు కిరీటం ఎందుకు పెడుతున్నారు?’

‘సోమవారం సోమవారం పైనుంచి కాగితం వస్తుంది, ఎవరు ఎన్ని కిరీటాలు అమ్మారని. నా పేరు ఎప్పుడూ అడుగున ఉంటుంది. ఈ ఆరేళ్ళలో మీ డబ్బు ఎక్కడ పెట్టుకున్నారని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పకూడదని మాత్రం అనుకుని ఉన్నాను.’

ఆంబ్రోస్, నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆయన కిరీటం కాగితాలు రెండుగా చింపి బుట్టలో వేశారు. నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని అన్నీ ఆయనే చూశారు. మన పన్ను ఆఫీసుకు లెక్క పంపే ఫండేనా అని రెండుసార్లు వెతికారు. లాభం కలుపుకునే రకమే తీశారు. ఇరవై మూడు వేలు అందులోకి, పద్దెనిమిది వేలు పొదుపు ఖాతాలో. టీచరమ్మ లెక్క చూపిస్తే ‘నేనైనా ఇదే చెప్పేవాణ్ణి’ అన్నారు. కొనేటప్పుడు బ్యాంకు ఒక్కసారి తీసుకునే రుసుము కూడా దాచకుండా చెప్పారు. సంతకం చేశాను. మణికట్టు నొప్పి పెట్టలేదు.

అరవైకి గరిటె కింద పెడుతున్నానురా! బయటికొచ్చి మిఠాయి కొట్టులో కూర్చుని, ఇంకొకరు తెచ్చిన కేకు తిన్నాను. రెండు ముక్కలు. దొడ్డిదారిన తిరిగి రాలేదు, మెయిన్ రోడ్డు మీదే పాడుకుంటూ వచ్చాను.

ఒక్కటి అర్థం కాలేదు. గుమ్మం దాకా వచ్చి ఆయన అన్నారు: ‘మీ తమ్ముడికి నమస్కారాలు చెప్పండి. ఈసారి మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ తాగి వెళ్ళమనండి.’ అదేమిట్రా, పోయినసారి వెళితే కాఫీ అయినా ఇవ్వలేదా?

నిన్ను తిట్టినందుకు వెనక్కి తీసుకుంటున్నాను. ఆవు జోకు మాత్రం వెనక్కి తీసుకోను.

ప్రేమతో
అక్క


వేడినీళ్ళ ఊరు,
6 నవంబరు

నా బంగారు అక్కకు,

నీ ఉత్తరం భోజనాల గదిలో అందరి ముందూ గట్టిగా చదివాను. మోకాళ్ళవాళ్ళూ నడుములవాళ్ళూ అందరూ చప్పట్లు కొట్టారు. కేకు రెండు ముక్కలన్న చోట ఒకాయన ఏడ్చేశాడు, ఆయనకు మూడు వారాలుగా ఉడికించిన క్యారెట్లే. నేను కర్ర పక్కన పారేసి ఒక చుట్టు నాట్యం చేశాను. నర్సు మళ్ళీ అరిచింది. అరవైకి గరిటె దించే రోజున నీ బసకు కొండెక్కి నేనే వస్తాను, ఆ రోజు అట్లు నేను పోస్తాను, మాడినా తినాలి.

శుక్రవారం ఇంటికొస్తున్నాను. ఎదురుగా ఉంటే ఏదో ఒకటి విసురుతావు గనక, ఈ ముక్క ముందే కాగితం మీద పెడుతున్నాను.

నేను ఓబర్లైట్నర్ గారి గడప ఎన్నడూ తొక్కలేదు. కాగితం నా కల్పన, కాఫీ మరక నా కల్పన, కుక్క కూడా నా కల్పనే. ఆయన డబ్బు ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? నువ్వు నీ మూడేళ్ళనూ ఆ గుమ్మంలో పారేసి వస్తావన్న భయంతో రాసేశాను. ఆయన కాదంటాడేమోనని ఆ మట్టిలో ఉడికినంతసేపూ వణికాను. ఆయన ఔనన్నాడు! నేను అల్లిన అబద్ధం అక్షరం పొల్లు పోకుండా నిజమై కూర్చుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆయన ఇల్లు నది అవతల కొత్త వీధిలో కట్టుకున్నారు, నువ్వు చూడలేదు. ఆ వీధిలో అన్నీ నేలలోంచి వేడి లాగే మిషన్లే, అక్కడ నాకు పనే లేదు. ఆ ఇంటికి అసలు పొగగొట్టమే లేదక్కా. ఆ ఒక్క మాట ఆయన అని ఉంటే చాలు, నేను పచ్చి అబద్ధాలకోరునయ్యేవాణ్ణి, కిరీటం నీ నెత్తిన ఉండేది. అది నీకన్నా నాకన్నా ఆయనకే బాగా తెలుసు. పైకప్పు కేసి చూసి, నవ్వు ఆపుకుని, నిజం చెప్పాడు.

నీ
ఆంబ్రోస్